చెరిగిపోయిన రెండు అంకెలు

అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే చెలో చేతిలో పడ్డ తెల్లబట్ట తెల్లగానే తిరిగొస్తుంది. అమెరికా, మెక్సికోల సరిహద్దు నది రియో గ్రాండే బురదైనా సరే, ఆమె బ్లీచు ముందు తోక ముడవాల్సిందే. నదికి అమెరికా ఒడ్డున, ఒంటరిగా దాటొచ్చిన పిల్లల్ని ఉంచే షెల్టర్‌లో ఆమె పదకొండేళ్లుగా బట్టలు ఉతుకుతోంది. ఆ బ్లీచే మంగళవారంనాడు ఆమె కొంప ముంచింది.

అక్కడికొచ్చే పిల్లల బట్టల్ని నేరుగా తొట్టిలో పడేయకూడదు. తల్లులు అమెరికాలోని బంధువుల ఫోన్ నంబరు గౌను అంచుకి లోపలివైపు మార్కరుతో రాసి పంపుతారు. కాగితమైతే తడుస్తుంది. చేతిమీద రాస్తే దారిలో మనుషుల్ని సరిహద్దు దాటించే దళారులు చూసి, ఆ బంధువులకే ఫోన్ చేసి బెదిరిస్తారు. అందుకే చెలో ప్రతి అంచూ తిప్పి చూసి, నంబరు రాసుకుని, ఆఫీసులో ఇచ్చాకే నీళ్లలో వేస్తుంది. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

సుయాపాకి ఐదేళ్లు. హోండురస్ పిల్ల. పెద్దవాళ్లతో వస్తే వెనక్కి పంపేస్తున్నారు, పిల్లలు ఒంటరిగా వస్తే లోపలికి రానిస్తున్నారు. అదీ అప్పటి రూలు. తల్లి ఆ పిల్లకి తెల్ల గౌను తొడిగి, కావలివాళ్లకు దూరం నుంచే కనపడాలని, సరిహద్దు వంతెన మధ్య వదిలి వెనక్కి తిరిగింది. ఏ తల్లి అలా చేస్తుందని అడిగేవాళ్లు ఆ వంతెన అవతల ఒక్క వారం బతికి చూడాలి.

సుయాపా గౌను ఇవ్వనని ఏడ్చింది. "సాయంత్రంలోగా నీ చేతిలో పెడతాగా తల్లీ," అని చెలో మాటిచ్చింది. ఆ తొందరలో అంచు చూడకుండానే బ్లీచులో ముంచేసింది. ఇస్త్రీ పెట్టె కింద అంచు మడత విడిపోయినప్పుడు చూసుకుంది. మడతలో దాక్కున్న ఎనిమిది అంకెలు లేతగా మిగిలాయి. చివరి రెండూ లేవు.

పరుగున ఆఫీసుకి వెళ్లింది. ఫైళ్లు చూసే డెనిస్ సంగతి విని తల పట్టుకుంది.

"శుక్రవారం పొద్దున తొమ్మిదికి వ్యాను, దోన్యా చెలో. బంధువులెవరూ తెలియని పిల్లల్ని మిషిగన్ పంపేస్తున్నారు."

"అంత దూరమా? ఎందుకట?"

"మన లైసెన్సు రాష్ట్రం వాళ్లు రద్దుచేశారు. పిల్లలు కేంద్రం బాధ్యతంట. కేంద్రం వాళ్లేమో లైసెన్సు రాష్ట్రం బాధ్యత అంటున్నారు. మధ్యలో మనకి మంచాలు తగ్గించేశారు."

"వాళ్ల తగువు వాళ్లని పడనీ. ఈ పిల్లని అక్కడికి పంపితే వాళ్లమ్మ ఎక్కడని వెతుక్కుంటుంది?"

"పిల్ల చెప్పిన వాళ్లమ్మ ఫోనూ పలకడం లేదు. మనమేం చేస్తాం? అయినా ఇది మీ పని కాదు కదా."

"ఉతికింది నేనమ్మాయ్," అంది చెలో. "పోయిన అంకెలు రెండే. అంటే వంద నంబర్లు. కూర్చుని చేస్తాను."

డెనిస్ ఆఫీసు ఫోన్ ఆమె వైపు జరిపింది.

బుధవారం భోజనం మానేసి సున్నా సున్నా నుంచి మొదలుపెట్టింది. మొదటి మూడంకెలు హ్యూస్టన్‌వి; ఆ నగరంలో ఎవరెవరున్నారో ఆమెకు బాగానే తెలిసొచ్చింది. టైర్ల కొట్టువాడు టైర్లు అమ్మజూశాడు. ఒక ముసలావిడ తన మోకాళ్ల సంగతంతా చెప్పింది. ఒకడు, "మోసం చెయ్యడానికి ఇంకెవరూ దొరకలేదా ముసల్దానా?" అన్నాడు. "దొరికితే నీకెందుకు చేస్తాను నాయనా," అని చెలో తరువాతి నంబరు నొక్కింది.

నలభై ఒకటి దగ్గర ఒక ఆడగొంతు, చెలో "చిన్నపిల్ల" అనగానే, "రాంగ్ నంబర్," అని పెట్టేసింది. చెలో ఆ అంకె పక్కన చుక్క పెట్టుకుంది. మిగతావాళ్లంతా తిట్టడానికైనా సరే ఏం పిల్ల, ఎవరి పిల్ల అని అడిగారు. ఈమె ఒక్కతే ఏమీ అడగలేదు.

గురువారం మధ్యాహ్నానికి తొంభై తొమ్మిదీ అయిపోయింది. ఎవరూ తమ పిల్ల అనలేదు. చెలో చుక్క పెట్టిన నంబరుకి మళ్లీ చేసింది.

"పెట్టేయకమ్మా. నువ్వెవరో నేనడగను. ఆ పిల్ల సంగతి చెప్తాను, విను చాలు. నేనిక్కడ బట్టలు ఉతికేదాన్ని. రొట్టె ఇస్తే చుట్టూ అంచులే తింటుంది. మధ్య మెత్తటిది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటుంది. మొన్నట్నుంచి ఉతికే ముందు నేనే తీసి పారేస్తున్నాను."

ఈసారి ఆమె ఫోన్ పెట్టేయలేదు.

"అది వాళ్లమ్మకి," అంది ఆ గొంతు. "మా అక్క అందరికీ పెట్టి ఆఖర్న తింటుంది. అందుకే పిల్ల అమ్మకని దాస్తుంది." తరువాత వెక్కిళ్లు వినిపించాయి. ఆమె పేరు తేల్మా. పిల్లకి పిన్ని.

"నాకు ఈ దేశంలో ఉండే కాగితాల్లేవు దోన్యా. పిల్ల కోసం వేలిముద్రలిస్తే నా ఇల్లు తెలిసిపోతుంది. పోలీసులొచ్చి పట్టుకుంటే?"

అబద్ధం చెప్పడం చెలోకి ఆ క్షణాన చాలా సులువు. చెప్పలేదు.

"పట్టుకోరని నేను మాటివ్వలేనమ్మా. రేపు తొమ్మిదికి వ్యాను. నాకు తెలిసింది అంతే."

"అయితే ఎందుకు చేశారు? మీకేమవుతుంది ఆ పిల్ల?"

"నీ నంబరు చెరిపింది నేనే."

తేల్మా ముక్కు చీదుకుంది. "అక్కడ ఫైళ్లు చూసేవాళ్లని పిలవండి," అంది.

డెనిస్ ఫారం ముందేసుకుని ఒక్కో గడీ అడిగింది. పేరు, ఇల్లు, పని. చివరికి, పిల్ల బాధ్యత ఎవరిది అన్న గడి వచ్చింది.

"నాదే. తేల్మా రోసిబెల్ మెహియా. పూర్తి పేరు రాయండి."

రెండు ప్రభుత్వాల లాయర్లు నెలల తరబడి ఒకరి మీదికొకరు తోసుకుంటున్న ప్రశ్న అది. కాగితం ముక్కైనా లేని మనిషి, తను పట్టుబడొచ్చని తెలిసీ జవాబు చెప్పింది. అంత గుండెధైర్యం చెలో ఏ కోటు తొడుక్కున్నవాడిలోనూ చూడలేదు. ఆ మాటే డెనిస్‌తో పైకనేసింది కూడా.

శుక్రవారం వ్యాను సుయాపాని ఎక్కించుకోకుండా వెళ్లిపోయింది. పిల్ల అప్పటికే పిన్నితో ఫోన్లో మాట్లాడింది, ఒకసారి నవ్వింది కూడా. సాయంత్రం తెల్ల గౌను మళ్లీ ఉతకడానికొచ్చింది. చెలో ముందు అంచు తిప్పి, ఎర్ర దారంతో పది అంకెలూ కుట్టింది. తరువాత జేబులో చెయ్యి పెట్టింది.

రొట్టె ముక్క ఉంది. తల్లి ఇంకా వంతెన అవతలే ఉంది మరి. పదకొండేళ్లలో అలాంటి ముక్కలెన్ని చెత్తబుట్టలో వేసిందో చెలోకి లెక్కలేదు. ఈసారి దాన్ని కొత్త కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. గౌను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాక మళ్లీ అదే జేబులో పెట్టింది.