పేరు తెలిసిన పిలగాడు

పొద్దున బీర్కూర్ నుంచి బాన్సువాడ వచ్చే మొదటి బస్సుకు ఒక అలవాటుంది. రోజూ ఎక్కేవాళ్లలో ఎవరైనా రాకపోతే వాళ్ల స్టేజి దగ్గర అది కదలదు. ఇంజను నడుస్తుంది, గేరు పడుతుంది, డ్రైవర్ దస్తగిర్ కాలు నొక్కుతూనే ఉంటాడు, బస్సు మాత్రం జరగదు. రాని మనిషి ఇంటివాళ్లు వచ్చి, రేకు మీద చెయ్యి వేసి, "ఇయ్యాల రాడు, జెరమొచ్చింది, నువ్వు పో" అంటే అప్పుడు కదులుతుంది. ఇంటివాళ్లే చెప్పాలి. పక్కింటివాళ్లు చెబితే వినదు. డిపోకు కొత్తగా వచ్చిన మెకానిక్ ఒకసారి బానెట్ ఎత్తి చూస్తాడు, ఆ తర్వాత తన పని తాను చూసుకుంటాడు. ఈ ఓపికంతా పొద్దుటి ట్రిప్పుకే. సాయంత్రానికి అదీ మనలాగే అలిసిపోయి, ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో పట్టించుకోకుండా పోతుంది.

కండక్టర్ ప్రేమలకు అందరి స్టేజీలూ తెలుసు, పేర్లు తెలియవు. దవాఖానకు పోయే ముసలమ్మ ఆమెకు 'మిల్లు స్టేజి'. కూరగాయల గంపలావిడ 'బడి స్టేజి'. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలంతా కలిపి 'ఏయ్ పోరగాళ్లు'. ఒక్క అఖిలేశ్‌కే పేరుంది. కాలువ స్టేజిలో ఎక్కే ఈ పిల్లవాడు గుంపులో ఆమె ముందుకు పోలేనప్పుడు వెనకవాళ్ల డబ్బులు అందుకొని, టికెట్లు చేతులు మార్చి పంపించేవాడు. అక్కా అని పిలిచేవాడు. మిలిటరీలో సెలక్షన్ అయిన రోజు పేడాల డబ్బా మొదట ఆమె ముందే తెరిచాడు. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటి మిగిలింది, అది కాగానే ఆర్డర్ వస్తుందని చెప్పాడు.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకు ఒకప్పుడు బస్సులు బాగానే ఉండేవి. తగ్గుతూ తగ్గుతూ ఒక్కటి మిగిలింది. అది పోతే చీకటి పడేదాకా రోడ్డు మీదే. పిల్లలు అర్జీలు పెట్టారు. చూస్తాం అన్నారు పెద్దలు. చూస్తూనే ఉన్నారు.

ఆ రోజు బస్సు స్టాండులోనే నిండిపోయింది. కాలేజీ గేటు దగ్గర పిల్లలు చేతులెత్తి నిలబడ్డారు. దస్తగిర్ బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఆపకు అన్నా, ఏడ ఎక్కుతరు? రైట్, రైట్," అంది ప్రేమల.

ఫైజాన్ అనే పిల్లవాడు ఉరికొచ్చి వెనక నిచ్చెన పట్టుకున్నాడు. చెయ్యి జారి పడ్డాడు. ముంజేయి విరిగింది, అంతే, కానీ ఆటో దవాఖాన చేరకముందే అతను చనిపోయాడని ఫోన్లలో వచ్చేసింది. నిజం చెప్పులేసుకునేలోపల అబద్ధం ఊరు చుట్టొస్తుంది. ఎక్కడెక్కడి పిల్లలూ బస్టాండుకు వచ్చారు. డిపో పెద్దసారు బయటికొచ్చి మాట్లాడాలన్నారు. సారు మీటింగులో ఉన్నారు, రేపు రండి అని గేటు వేశారు. గేటు వేసినందుకు కేకలు, కేకలకు లాఠీలు, లాఠీలకు రాళ్లు. పండ్ల బండి బోర్లాపడింది. బస్సుల అద్దాలు పగిలాయి.

జనం ప్రేమల బస్సును కూడా కాలేజీ దగ్గర్నుంచి వెనక్కి తిప్పించి అక్కడికే తెచ్చారు. రాళ్లు దాని మీద పడుతుంటే ప్రేమల సీట్ల మధ్య కూర్చుండిపోయింది. తలుపు దగ్గర ఒకడు రెండు చేతులూ చాపి, "లోపట ఆడోళ్లున్నర్రా, ఆపుండ్రి," అని అరుస్తున్నాడు. అది అఖిలేశ్ గొంతు. అందరికంటే ముందు నిలబడ్డాడు కాబట్టి అందరి ఫోన్ల వీడియోల్లోనూ వాడి మొహమే పెద్దగా పడింది.

ఆ రాత్రి స్టేషన్‌లో ఎస్సై ప్రేమలకు ఆ వీడియో చూపించాడు. మాట వినపడలేదు, ఉత్త గోల.

"ఈ తలుపు కాడ ఉన్నోడెవడు?"

"అఖిలేశ్ సార్."

"మిగితోళ్లు?"

"తెల్వదు సార్. పేర్లు తెల్వయి."

"అంటే వీడొక్కడే. రాళ్లు కొట్టినోళ్లల్ల ఉన్నడని రాస్తున్న."

ప్రేమల నోరు తెరిచింది. ఎస్సై పెన్ను ఆపి ఆమెను చూశాడు.

"గేటు కాడ బస్సు ఎందుకు ఆపలేదు, ఎవరు వద్దన్నరు, అది గూడ రాయమంటవా?"

కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. ప్రేమలకు ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. తెరిచిన నోరు మూసుకొని సంతకం పెట్టింది. బయటికొచ్చాక, వాడు మంచి పిల్లవాడు కదా, విచారించి వదిలేస్తారులే అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట తనే నమ్మలేదు.

మర్నాడు తెల్లవారుజామునే అఖిలేశ్‌ను పట్టుకుపోయారు. కేసులో 'అఖిలేశ్, మరికొందరు' అని రాశారు. ఆ 'మరికొందరు'లో ఎవరినైనా వేయొచ్చు. అందుకని కొడుకులున్న ప్రతి ఇల్లూ భయపడింది. రాయి ముట్టనివాళ్లు కూడా పిట్లంలోనో పెద్ద కొడప్‌గల్‌లోనో చుట్టాల ఇళ్లకు చేరారు. విసిరినవాళ్లూ వాళ్లలోనే కలిసిపోయారు.

ఆ పొద్దున బస్సు కాలువ స్టేజిలో ఆగి మళ్లీ కదలలేదు. అఖిలేశ్ తల్లి సత్యమ్మ రోడ్డు పక్కన నిలబడి ఉంది. నాట్లకు పోయే మనిషి, ఆ రోజు పోలేదు.

"చెప్పరాదు అక్కా," అన్నాడు దస్తగిర్ కిటికీలోంచి. "జనం పరేషాన్ అయితుండ్రు."

"ఏమని చెప్పాలె దస్తగిరన్నా? నా కొడుకు జైల్ల ఉన్నడు, నువ్వు పో అని నా నోటితోని అనాల్నా? నేననను."

బస్సులోంచి ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. దిగి, కొందరు ఆటోల్లో, కొందరు నడిచి పోయారు. సత్యమ్మ తలుపు దగ్గరికొచ్చింది.

"నువ్వు బస్సులనే ఉంటివి గద చెల్లె. కండ్లార చూస్తివి. మావోడు రాయి కొట్టెటోడేనా?"

ప్రేమల టికెట్ మిషన్ వైపు చూస్తూ, "నేను... సరిగ చూడలే అక్కా," అంది.

"పాపం, నువ్వు గూడ మస్తు బుగులు వడ్డవట. ఇగో, నీళ్లు తాగు. ఎండెక్కుతుంది."

ప్రేమలకు ఆ నీళ్లు తాగాలనిపించలేదు. కానీ తాగకపోతే ఆమెకు తెలిసిపోతుందేమోనని గ్లాసు మొత్తం తాగింది. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకోకుండా ఉండటానికి ఎంత కష్టపడాలో ప్రేమలకు ఆ రోజు అర్థమైంది.

మరుసటి రోజూ బస్సు కదలలేదు. ఆ మరుసటి రోజూ అంతే. క్రేను తెచ్చి లాగితే గొలుసు తెగింది. ఇంకో బస్సు వేస్తే అదీ కాలువ స్టేజికి వచ్చి పాతదాని వెనకే ఆగిపోయింది. ఎండాకాలం బర్రెల్లాగా రెండూ ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. పరీక్షలకు పోయే పిల్లలు, దవాఖాన ముసలమ్మ అందరూ ఇబ్బంది పడ్డారు. ఎస్సై జీపులో సత్యమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, బస్సు ఆపినవని నీ మీద గూడ కేసు పెట్టాల్నా?"

"నేనేడ ఆపిన సారూ? బస్సు ముంగట లేను, ఎనుక లేను. ఇగో, పక్కకున్న."

ఎస్సై చుట్టూ చూశాడు. నవ్విన మొహాలన్నీ మళ్లీ మామూలయ్యాయి. ఈ మాట డీఎస్పీ మంజులత దాకా పోయింది. ఆమె మరునాడు లాఠీలు లేకుండా వచ్చింది. వెంట డిపో సారును తెచ్చింది. వచ్చి సత్యమ్మను ఏమీ అడగలేదు. బస్సు మెట్టు మీద కూర్చొని, దూరంగా నిలబడ్డ పిల్లల్ని పిలిచింది. ఎవరూ రాలేదు. చివరికి చేతికి కట్టుతో ఫైజాన్ వచ్చాడు.

"ఏం గావాలె మీకు?"

"సాయంత్రం ఇంకో బస్సు మేడం."

"ఇంకేంది?"

"గంతే. ఇంకా... చెయ్యెత్తితే ఆపాలె. మమ్మల్ని చూసి గూడ పోతరు మేడం. చూడక పోతే గింత కోపం రాదు."

డీఎస్పీ డిపో సారు వైపు తిరిగింది. "ఒక్క బస్సు కోసమా ఇదంతా?"

"పైకి రాసినం మేడం," అన్నాడాయన.

ప్రేమల తలుపు దగ్గరే ఉంది. చూసి కూడా పోయింది తనే. ఆ పిల్లవాడు తన పేరు ఎత్తలేదు. తెలియక కాదు, ఆ రైట్ రైట్ బస్సులో అందరూ విన్నారు, వాడికీ చెప్పే ఉంటారు. ఇక లోపల పెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మేడం, ఆపొద్దన్నది నేను. అఖిలేశ్ రాయి కొట్టలే. తలుపుకు అడ్డం నిలవడి మమ్మల్ని కాపాడిండు. తెలిసే సంతకం పెట్టిన. నా నౌకరి పోతదని పెట్టిన."

"మరి ఆ పిల్లవాని పేరే ఎందుకు చెప్పినవు?"

"గా గుంపుల నాకు పేరు తెలిసిన పిలగాడు ఆయనొక్కడే మేడం. మంచిగుంటడు గనుకనే తెలిసింది."

సత్యమ్మ ప్రేమలను చూసింది. తిడుతుందని, మన్ను దోసి పోస్తుందని ప్రేమల ఎదురు చూసింది. అలా చేసి ఉంటే ఎంతో బాగుండేది. సత్యమ్మ కొంగుతో మొహం తుడుచుకొని ఇంటికి నడిచింది.

ఆ తర్వాత కాగితాలు వాటి నడక అవి నడిచాయి. వీడియోను మళ్లీ చూసి, బస్సులో ఉన్నవాళ్లను ఈసారి అడిగి, కేసులోంచి అఖిలేశ్ పేరు తీసేశారు. రాళ్లు విసిరిన పిల్లలు కొందరు తల్లిదండ్రులతో తామే స్టేషన్‌కు వచ్చారు. డీఎస్పీ వాళ్లను జైలుకు పంపలేదు. పగిలిన అద్దాలు వాళ్లతోనే ఊడదీయించి, కొత్తవి బిగిస్తుంటే పక్కన నిలబెట్టింది. సాయంత్రం కాలేజీ వేళకు ఇంకో బస్సు వేశారు. ప్రేమలకు మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఉద్యోగం మిగిలింది. మిగిలినందుకు ఆమెకు సిగ్గేసింది.

అఖిలేశ్ వచ్చిన పొద్దున బస్సు వాడు ఎక్కగానే కదిలింది. అందరూ వాడి భుజం తట్టారు. ప్రేమల దగ్గరికి పోయి నిలబడింది. ఎన్నో మాటలు కూడబెట్టుకొని వచ్చింది. వాడు జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

"పాస్, మేడం."

అక్కా అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా అనలేదు.

ఇక అందరి పేర్లూ నేర్చుకుందామని ఫుట్‌బోర్డు పిల్లల దగ్గరికి పోయింది. "నీ పేరేంది బిడ్డా?" అని ఒకణ్ని అడిగింది. వాడు తల దించుకున్నాడు. పక్కవాడు, "ఎందుకు మేడం, స్టేషన్ల చెప్తవా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే భయం. ప్రేమల, "నా పేరు ప్రేమల. బస్సు ఆపకపోతే గీ పేరు చెప్పుండ్రి," అని ముందుకు పోయింది. చాలా రోజుల తర్వాత ఒకడు దిగుతూ దిగుతూ, తన పేరు హర్యా అని చెప్పి ఉరికాడు. మిగతావాళ్లు ఇప్పటికీ చెప్పలేదు.

ఆర్డర్ వచ్చింది. అఖిలేశ్ ఇనప పెట్టెతో అదే బస్సులో బాన్సువాడ వచ్చి దిగాడు. దస్తగిర్ చేతులు పట్టుకొని ఊపాడు. ప్రేమలకు తల ఊపి, రైలు కోసం ఇంకో బస్సెక్కి పోయాడు.

మర్నాడు కాలువ స్టేజిలో బస్సు ఆగింది. సత్యమ్మ సద్ది మూటతో నాట్లకు పోబోతూ నిలబడి ఉంది.

"చెప్పక్కా, పోతం," అన్నాడు దస్తగిర్.

సత్యమ్మ బస్సు దాకా వచ్చి, ఎత్తిన చెయ్యి మళ్లీ దించింది. తలుపులో ఉన్న ప్రేమలను చూసింది. ప్రేమల డీఎస్పీ ముందు నిజం చెప్పిన రోజు తర్వాత ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"నువ్వు చెప్పు. వాని పేరు నీకు తెలుసు గద."

దెప్పిందో, ఆ మాట చెప్పే హక్కు ఇచ్చిందో ప్రేమలకు తెలియలేదు. రెండూ తనకు తగినవే అనుకుంది. దిగింది. రేకు మీద చెయ్యి పెట్టింది.

"అఖిలేశ్ మిలిటరీకి పోయిండు," అంది. "ఇగ రోజు రాడు. నువ్వు పో."

ఇంటివాళ్లు కాని మనిషి మాట ఆ బస్సు ఏనాడూ వినలేదు. దస్తగిర్ అనుమానంగానే గేరు వేశాడు. బస్సు కదిలింది. ప్రేమల ఎక్కడం మరిచిపోయి, రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఏడుస్తవేంది?" అంది సత్యమ్మ, ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోస్తూ. "ఉరుకు. బస్సు పోతుంది."