గుండె ఆగి పోయిన నలభై ఒక్క మంది

ఆ బల్గేరియా పట్నంలో మనిషి పోతే ఫోటోతో కాగితం అచ్చేసి వీధి తలుపుకూ కరెంటు స్తంభాలకూ అంటిస్తారు. ఆ కాగితాలు పట్టుకుని డాక్టర్ నెవెనా మించెవా ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగింది. వైద్య కళాశాలలో ప్రజారోగ్యం చెప్పే మనిషి. జిల్లా ఆసుపత్రి రికార్డులో అందరూ గుండె ఆగే పోయారు. గుండె ఆగకుండా పోయేదెవరు? ఎందుకు ఆగిందన్నదే ఆమె ప్రశ్న.

తేలింది నలభై ఒక్క మంది. కాలు విరిగి చేరినవాళ్లు, హెర్నియా కోయించుకోవడానికి వెళ్లినవాళ్లు. ఆసుపత్రిలోనే క్రిములంటుకుని, నెత్తురు చెడి చచ్చారు. ఆ మాట రాస్తే శవాన్ని కోసి చూడాలి. "రేపే పూడ్చుకోవాలి డాక్టరుగారూ, కోయకండి" అని ఇంటివాళ్లు ఏడుస్తారు. డాక్టరు జాలిపడి గుండె అని రాస్తాడు. ఇంటివాళ్లు దండం పెడతారు, ఆసుపత్రి ఊపిరి పీల్చుకుంటుంది, వార్డు మురికి వార్డులోనే ఉంటుంది. పక్కన నిలబడ్డ విద్యార్థులు అదే నేర్చుకుంటారు.

వాళ్ల పాఠ్యపుస్తకానికి ఆమె ఇదంతా ఒక అధ్యాయంగా రాసింది. శాఖాధిపతి ప్రొఫెసర్ గెర్గినోవ్ చదివి నవ్వాడు.

"స్తంభాల మీద పరిశోధనా అమ్మాయ్? ఆర్నెల్లకి జ్ఞాపకార్థం మళ్లీ అంటించే కాగితం కూడా లెక్కేశావా? ఒక్కణ్ణే రెండుసార్లు చంపేశావేమో చూసుకో."

"తేదీలు చూసే రాశానండి. కావాలంటే ఇళ్లకు రండి, చూపిస్తా."

ఆయన రాలేదు. పుస్తకం వచ్చింది. నలభై ఒక్క మందీ ఎగిరిపోయారు. వాళ్ల చోట, అందరికీ గుండే కారణమని ఆసుపత్రి ఇచ్చిన పట్టిక. కింద మాత్రం ఆమె పేరు. తన పేరు తీసేయమని మూడు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు.

జూన్‌లో నోటి పరీక్ష. బల్ల వెనక గెర్గినోవ్, పక్కన నెవెనా. ఇద్దరూ సంతకం పెడితేనే మార్కు. ఇవెలినా అనే పిల్ల చీటీ తీసింది: ఆసుపత్రి మరణాలకు ముఖ్య కారణం. నెవెనా పిల్లను గుర్తుపట్టింది. ఈ పిల్ల అమ్మమ్మ ఆ నలభై ఒక్కరిలో ఒకతె. తుంటి విరిగి చేరింది, పదకొండో రోజున పోయింది. ఆ సంగతి వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది ఈ పిల్లే.

"నీకు తెలిసింది చెప్పమ్మా" అంది నెవెనా.

పిల్ల ఆమె వంక చూసింది, గెర్గినోవ్ వంక చూసింది.

"గుండె ఆగిపోవడమండి."

"భేష్. ఆరుకి ఆరు" అని ఆయన సంతకం గీకి కాగితం ఇటు తోశాడు. "కానియ్యి, బయట ఇంకా పదిమందున్నారు."

సంతకం పెట్టకపోతే పిల్లకి ఏడాది పోతుంది. నెవెనా కలం కాసేపు గాల్లో ఆడించి, సంతకం పెట్టేసింది. పిల్ల వెంటే వరండాలోకి వెళ్లింది.

"మీరు ఒప్పుకోరనుకున్నానండి" అంది ఇవెలినా. "మీరు ఆపితే అప్పుడు చెబుదామనుకున్నా. ఒక్కదాన్నే చెప్పడానికి భయమేసింది."

"నీ ఏడాది పోతుందనమ్మా."

"అమ్మమ్మకి కాగితం రాసిన డాక్టరు కూడా మా మంచికే రాశాడు లెండి."

పిల్ల మెట్లు దిగిపోయింది. లోపల్నుంచి గెర్గినోవ్ తర్వాతి పేరు పిలుస్తున్నాడు. నెవెనా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.