పేరు గడి ఖాళీ

పొద్దున్నుంచి మగ్గానికి ముప్పై నూలు కండెలు చుట్టింది లోహిత. మరమగ్గాల ఇళ్లలో దాన్ని పని అనరు. ఆడవాళ్లు టీవీ చూస్తూ చేసేసేది అంటారు. ఇప్పుడామె ముందు టీవీకి బదులు లాప్‌టాప్ ఉంది, అంతే తేడా. నగరి నేతగాళ్ల సంఘం వాళ్లకు వైద్య కార్డుల కోసం ఒక యాప్ కావలసి వస్తే, భర్త మురుగేష్ "మేం చేసిస్తాం" అని ఒప్పుకుని వచ్చాడు. ఆ 'మేం'లో నేర్చుకున్నదీ చేసిందీ లోహిత ఒక్కతే.

స్క్రీన్ అమర్చడం తేలికగానే అయింది. పైన ఫొటో, కింద పేరు, దాని కింద ఫోన్ నంబరు. అసలు తలనొప్పి సంఘం వాళ్లిచ్చిన ఫైలు. వరుసకో మనిషి. ఒక్కో వరుసనూ కామాల దగ్గర విడగొట్టి, ఏ ముక్క ఏ గడిలో పడాలో యాప్‌కు చెప్పాలి. చెప్పింది. యాప్ తెరవగానే మూసుకుపోయింది. నాలుగుసార్లు అదే తంతు. వెతగ్గా వెతగ్గా పందొమ్మిదో వరుసలో దొరికింది. పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అలాంటివి ఎనభై ఆరు, అన్నీ ఆడవాళ్లవే. బంధుత్వం అన్నచోట 'అమ్మ', 'ఇంటామె' అని రాసి పేరు వదిలేశారు. పని అన్నచోట 'ఇంట్లో ఉంటుంది'. తమ ఇంట్లో అత్తదీ తనదీ రెండు వరుసలూ అంతే. వాటిని నింపింది మురుగేషే.

లోహిత చెప్పిందంతా అన్నం తింటూ విన్నాడతను. "పేరు లేనోళ్లని దాటేసేయమని రాసెయ్. సాయంత్రం మీటింగు ఉండాది."

"దాటేస్తే వాళ్లకి కార్డు రాదు."

"వాళ్లేమన్నా మగ్గం ఆడిస్తారా? అడిగినప్పుడు సేర్సుకుందాంలే."

లోహితకు ఒళ్లు మండింది. పక్కగదిలో అత్త మునిరత్నమ్మ దగ్గుతోంది. నలభై ఏళ్లు నూలు దుమ్ము మింగిన దగ్గు. కార్డు మాటెత్తితే, "నాకెందుకులేమ్మా, నేనేం పని సేస్తా ఉండాను" అంటుంది.

దాటెయ్యడానికి ఒక్క లైను చాలు. టైపు చేసింది. ఎవరితోనూ వాదించే ఓపిక లేదు, నడుము విరిగిపోతోంది. ఆ లైను వంక చూస్తూ కూర్చుని, చివరికి చెరిపేసింది. పేరు ఖాళీగా ఉన్న ఇల్లు వస్తే ఆ ఇంట్లో ఎవరికీ కార్డు రాకుండా, స్క్రీన్ నిండా ఒకే ప్రశ్న వచ్చేటట్టు రాసింది: 'ఈ ఇంట్లో కండెలు చుట్టే ఆమె పేరు?'

సాయంత్రం మీటింగు నుంచి మురుగేష్ ఫోన్ చేశాడు.

"ఏమే, మనింటి కార్డు తీసి సూపిస్తా ఉంటే ఆడే ఆగిపోయిందే. అందురూ నన్నే సూస్తా ఉండారు."

"పేరు అడుగుతుంది. రాయి."

టైపు చేసి మళ్లీ అన్నాడు. "అమ్మది రాసినా. మళ్లా అడగతా ఉండాది. మనింట్లో ఇంకెవురుండారు?"

అవతల ఎవరో నవ్వడం వినబడింది.

"తెలిసినప్పుడు రాయి," అని లోహిత ఫోన్ పెట్టేసింది.