అద్దె ఖాకీ

మూడో లారీ డ్రైవరు కూడా కిందికి దిగి నమస్కారం పెట్టాడు. బుడాన్ చెయ్యి అడ్డంగా చాపి రోడ్డు మధ్యన నిలబడే ఉన్నాడు. మాఘమాసపు ఎండ నడినెత్తికి వచ్చింది. ఒంటి మీది ఖాకీ చొక్కా భుజాల దగ్గర పట్టేసి పాత చెమట కంపు కొడుతోంది. అంతకుముందు దాన్ని ఏ సినిమాలో ఎవరు తొడుక్కున్నారో!

"అయ్యా, మిరపకాయలు యార్డుకి పోవాలండి. కాస్త దయచూడండి," అన్నాడు డ్రైవరు, బస్తాల వంక చూపిస్తూ.

"షూటింగు. కాసేపాగు."

ఆ గొంతు తనదేనా అని బుడాన్‌కే అనుమానం వచ్చింది. జన్మలో ఎవరితోనూ అలా మాట్లాడి ఎరగడు. అతను పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులొచ్చి దూదేకులవాళ్ళ నోట్లో మట్టి కొట్టాక మిరప సీజనులో బస్తాలు మోసి, మిగతా రోజుల్లో దొరికిన పని చేసి బతుకుతున్నాడు. పొద్దున్నే టెంటు సామాను అద్దెకిచ్చే కోటేష్ వచ్చి, సినిమాలో నిలబడితే నూట యాభై ఇస్తారన్నాడు. బస్తాలు మోస్తే అందులో సగం రావడం గగనం. బుడాన్ ఎగిరి గంతేసి మోపెడ్ ఎక్కాడు.

ఇక్కడికొచ్చాక తెలిసింది, ఈ వేషం కెమెరా కోసం కాదని. వినుకొండ రోడ్డు మీద జీపు ఛేజింగు తియ్యాలంటే అనుమతి కావాలి. అనుమతి అడిగితే రోడ్డుకి రెండు వైపులా పోలీసుల్ని పెట్టించుకోవాలి, అంబులెన్సు తెప్పించుకోవాలి, ఎవరికి దెబ్బ తగిలినా బాధ్యత తమదేనని సంతకం పెట్టాలి. అన్ని తిప్పలు పడేకన్నా రెండు ఖాకీ జతలు అద్దెకు తేవడం చవక. రెండోది తొడుక్కున్నవాడు రోడ్డు అవతలి కొసన కాపలా ఉన్నాడు. ఖాకీ కనబడ్డాక ఈ చుట్టుపక్కల పల్లెల్లో కాగితం చూపించమని అడిగేవాడు ఎవడున్నాడు? మన భయం ఖరీదు మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

గంట క్రితం మొదటి షాటు తీశారు. పొలాల్లోంచి వచ్చే డొంక దగ్గర కాపలా పెట్టాలని ఎవరికీ తోచలేదు. బాపయ్య అనే ముసలి రైతు ఆ డొంకలోంచి సైకిలు మీద రోడ్డెక్కాడు. జీపు అంచు హ్యాండిలుకి తగిలింది. ముందు చక్రం వంకర పోయి ఆయన కంకర మీద బోర్లా పడ్డాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. లేచి నిలబడి, దగ్గర్లో ఖాకీని చూసి, నెత్తుటి చేత్తోనే తలగుడ్డ తీసేశాడు.

"తప్పయిపోయిందయ్యా. చూసుకోకుండా వచ్చా. సైకిలు మాత్రం తీసుకుపోమాకండి."

బుడాన్ పక్కనే ఉన్న కోటేష్, "ఆ చెట్టు కింద కూర్చో పెద్దాయనా, సారు చెప్పిందాకా కదలమాక," అన్నాడు. ఊళ్ళోకి పోయి చెబితే జనం వచ్చి షూటింగు ఆపేస్తారని అతని భయం. అప్పటి నుంచీ బాపయ్య తుమ్మచెట్టు కింద చేతికి తలగుడ్డ చుట్టుకుని కూర్చునే ఉన్నాడు. పొమ్మని ఖాకీ చొక్కా చెప్పలేదు మరి. ఆయన తన వైపు చూసినప్పుడల్లా బుడాన్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

దూరం నుంచి దుమ్ము రేపుకుంటూ ట్రాక్టరు వచ్చింది. వెనక తగిలించిన ట్రక్కులో పాతిక మంది దాకా ఆడవాళ్ళు. మిరప కోత నుంచి తిరిగొస్తున్నారు. ఖాకీని చూడగానే మాటలు ఆగిపోయాయి. కొంగులు నెత్తి మీదికి వచ్చాయి. ముందు వరసలో కూర్చున్నామె కూడా కొంగు లాక్కుని తల వంచుకుంది. ఆమె రహమతున్నీసా, అతని భార్య.

దర్శకుడు చైతన్యకృష్ణ పరుగున వచ్చాడు. అతనికిది మొదటి సినిమా, సగం డబ్బు వాళ్ళ మామగారిది.

"ఈ ట్రాక్టర్ సూపర్. ఈల వెయ్యగానే వదిలెయ్. అటునుంచి జీపు వచ్చి కల్వర్టు మీద లాస్ట్ మినిట్‌లో పక్కకి తిరుగుతుంది."

"వాళ్ళకి చెబుదామండి. దిగి నిలబడతారు," అన్నాడు బుడాన్.

"చెబితే కెమెరా వంక చూస్తారయ్యా. మొహాల్లో నిజమైన భయం రావాలి."

"జీపుకి బ్రేకు సరిగ్గా పడటం లేదని దాన్ని నడిపే జాన్ బాషా ఇందాక అన్నాడు కదండీ."

"అతను తొక్కక్కర్లేదు, తిప్పితే చాలు." దర్శకుడు కెమెరా దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంజను మోతలో మాటలు అర్థం కాకపోయినా మొగుడి గొంతు విని రహమతున్నీసా తలెత్తింది.

"ఎవరి బట్టలయ్యా అవి?"

"అద్దెవి."

"మమ్మల్ని పొమ్మంటావా, వద్దంటావా?" నవ్వకుండా అడిగింది.

ఈల మోగింది.

బుడాన్ చెయ్యి దించలేదు. కోటేష్ మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్, వదలరా." ట్రాక్టరు డ్రైవరు గేరు మీద చెయ్యి వేసి అతని మొహం చూస్తున్నాడు. బుడాన్ అరచేయి ఇంకా ఎత్తాడు.

అవతల జీపు అప్పటికే బయలుదేరింది. ఎదురుగా ట్రాక్టరు లేకపోవడం చూసి, షాటు చెడిందనుకుని జాన్ బాషా బ్రేకు తొక్కాడు. ఒకసారికి పడలేదు. మళ్ళీ తొక్కాడు. కల్వర్టు మీద పక్కకి కోసుకుపోయి, గోడ అంచు రాచుకుని, రోడ్డంతా అడ్డంగా జారి ఇవతల ఆగింది. వదిలేసి ఉంటే ట్రక్కు ఈపాటికి ఆ కల్వర్టు మీదే ఉండేది. ఆడవాళ్ళందరూ అటే చూస్తున్నారు. జాన్ బాషా దిగి జీపు చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"ఎవడు ఆపమన్నాడు?" చైతన్యకృష్ణ అరుపు ఇక్కడి దాకా వినిపించింది. "ఇంకో డ్రైవర్ని ఎక్కించండి. ట్రాక్టర్ రావాలి."

"చొక్కా ఇప్పి పోరా. డబ్బులూ లేవు, ఏమీ లేదు," అన్నాడు కోటేష్.

"ఇప్పుతా. ముందు జీపు పక్కన పెట్టమను," అన్నాడు బుడాన్. తర్వాత టోపీ తీసి, లారీల వాళ్ళకీ వినబడేలా గొంతు పెంచాడు. "నేను పోలీసుని కాదండి. పరుపులు కుట్టుకునేవాణ్ణి. వీళ్ళకి పర్మిషన్ లేదు. అందరూ దిగి పక్కకి రండి."

రహమతున్నీసా ముందు దిగింది. ఆ వెనక ఒక్కొక్కరే దిగారు.

బుడాన్ తుమ్మచెట్టు వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఇందాక తప్పు మీది కాదు. వాళ్ళది. పోలీసుని కాదని చెప్పకుండా నిలబడ్డందుకు నాది."

బాపయ్య నెమ్మదిగా లేచాడు. వంకర పోయిన సైకిలు ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చి, బుడాన్ పక్కన రోడ్డుకి అడ్డంగా పడేశాడు.

అవతల మళ్ళీ ఈల మోగింది. ఈసారి ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.