రంగం వాచీ

బఫ్ చక్రానికి ఇంకాస్త పాలిషు మైనం రాసి, పైడన్న వాచీ వీపును మళ్లీ దానికి ఆనించాడు. వేడెక్కిన లోహం వాసన వచ్చింది. బొటనవేలు చురుక్కుమనేదాకా పట్టుకుని, తీసి, చొక్కా అంచుతో తుడిచి చూసుకున్నాడు. ఇక చాలనుకున్నాడు.

బరంపురం పెద్ద బజారులో ఓ బట్టల దుకాణం మెట్ల కింద ఉంది, వాచీలు బాగుచేసే అతని గాజు పెట్టె. లోపల కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి. గోపాలపూర్‌లో చేపలు పట్టే నోలియాల ఇంట్లో పుట్టి, తెప్ప ఎక్కితే వాంతి చేసుకునేవాడు. తండ్రి కొన్నాళ్లు తిట్టి, కొన్నాళ్లు కొట్టి, చివరికి ఈ పెట్టెలో పనిచేసే ముసలి మేస్త్రీ కాళ్ల దగ్గర పడేసి పోయాడు. మేస్త్రీ చచ్చాక పెట్టె ఇతనిదయింది. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. భూతద్దం బిగించి బిగించి కుడికన్ను సగం ముడుచుకునే ఉండిపోయింది. పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు ఎవరికో కన్ను కొడుతున్నట్టుంటాడు.

ఇప్పుడు బజారంతా ఫోనులో టైము చూసుకుంటోంది. బ్యాటరీ మార్చడానికో, బెల్టుకి కన్నం పొడవడానికో తప్ప అతని దగ్గరికి ఎవరూ రారు.

"ఏటి పైడన్నా, తెల్లారినకాణ్ణించి దాన్నే తోముతున్నావు. పాలేమైనా ఇత్తదా?" కింది మెట్టు మీద నిమ్మకాయలు అమ్మే చిట్టమ్మ అడిగింది.

"కొనీవోడొస్తాడు."

"అయితే ఆ సేత్తోనే మొకం కూడా తోముకో. రెండూ కలిపి అమ్ముడుపోతాయేమో."

పైడన్న నవ్వలేదు. చిట్టమ్మ కూడా నవ్వు ఆపింది.

"కాసమ్మకెలాగుంది?"

"కూకునే నిద్రపోతంది. పడుకుంటే ఊపిరాడదు."

చిట్టమ్మ రెండు నిమ్మకాయలు తీసి గాజు పెట్టె అంచున పెట్టి, మళ్లీ తన గోనె మీద కూర్చుంది.

అతని భార్య కాసమ్మకు గుండెలో కవాటం చెడింది. విశాఖ తీసుకెళ్లమని ఇక్కడి పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆలస్యమైతే ఇక తీసుకెళ్లక్కర్లేదని కూడా చెప్పారు. పిల్లలు లేరు. ఇంట్లో అమ్మదగ్గ వస్తువు వాచీ ఒక్కటే. అది అమ్ముడైతే ఈ రాత్రి బండికి బయలుదేరతారు. కాకపోతే లేదు.

వాచీ కాసమ్మ తాతది. బర్మాలో రంగం వెళ్లి ఓడల రేవులో మూటలు మోశాడు. ఓ దొర ఓడ ఎక్కి వెళ్లిపోతూ ఇచ్చాడని ఆయన చెప్పేవాడు. కాజేశాడని ఆయన తమ్ముడు చెప్పేవాడు. పక్కన రెండు మీటలు, నల్లటి ముఖంలో రెండు చిన్న ముఖాలు, ఆగమంటే ఆగి పొమ్మంటే పరిగెత్తే సన్నముల్లు. నోలియాల వీధిలో అలాంటిది మరొకటి లేదు. కాసమ్మ దాన్ని ట్రంకు పెట్టె అడుగున పెట్టుకుని కాపరానికి వచ్చింది.

ఏటా విశ్వకర్మ పూజనాడు పైడన్న పనిముట్లన్నీ కడిగి, ఎర్రగుడ్డ మీద పరిచి, వాటి నడుమ ఆ వాచీ పెట్టేవాడు. పూజలో మాసిన వస్తువు పెట్టకూడదని మేస్త్రీ నేర్పాడు. అందుకని ఏటా చక్రం మీద మెరుగుపెట్టి, సింధూరం అద్దేవాడు. కాసమ్మ కొబ్బరికాయ పట్టుకుని పక్కన నిలబడేది. ఓ ఏడు వాచీ ముఖం మీద గోధుమరంగు మచ్చలు లేస్తే కటకం పంపి కొత్తగా రంగు వేయించి అంకెలు రాయించాడు. దేవుడి ముందు పెట్టే వస్తువుకి ఎంత చేయాలో అంతా చేశాడు. పెళ్లాన్ని ఏనాడూ ఓ సినిమాకి తీసుకెళ్లని మనిషి, ఈ ఒక్కటి మాత్రం శ్రద్ధగా చేశాడు.

ఎండ మెట్ల మీదకి వచ్చేవేళకి అర్జున్ వచ్చాడు. పాత వాచీలు పోగుచేసే మనిషి. తండ్రి రైల్వే ఉద్యోగి, శ్రీకాకుళం నుంచి వచ్చి భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. వాచీ సామాన్లు అమ్మే వర్తకుడి నోట రంగం వాచీ సంగతి విని ఫోను చేశాడు. అతని మణికట్టు మీద ఉన్న వాచీకి అద్దం నిండా గీతలు. దాని ముఖం టీ ఒలికినట్టుంది. పాపం, దీన్ని ఎవడూ తోమి ఇవ్వలేదు కాబోలని పైడన్న అనుకున్నాడు.

అర్జున్ రంగం వాచీని చేతిలోకి తీసుకుని నవ్వాడు. భూతద్దం పెట్టి పక్కకి తిప్పాడు. నవ్వు పోయింది.

"మౌసా," అన్నాడు, ఒడియాలో బాబాయ్ అన్నట్టు. "ఈ అంచులు ఇలా గుండ్రంగా ఉన్నాయేం?"

"నునుపు సేసినాను బాబూ."

"వెనక నంబరుండాలి."

"ఉండీది. ఆ గీతల్లో మురికి పట్టీసీది. తోమగా తోమగా అరిగిపోనాది."

"డయలు?"

"కటకంలో రాయించినాను. మంచి పనోడు."

అర్జున్ భూతద్దం తీసేశాడు. తర్వాత తన మణికట్టు చాపాడు.

"దీన్ని చూడండి. పడ్డ మచ్చ పడ్డట్టే ఉంది. మాలాంటివాళ్లు కొనేది ఆ మచ్చనే. మీది ట్రంకు పెట్టెలో పడి మురిగిపోయి ఉంటే కళ్లకద్దుకుని తీసుకుపోయేవాణ్ణి. అలాంటిది ఇంతవరకూ బొమ్మల్లో తప్ప చూడలేదు నేను. ఇప్పుడిది కొత్తది మౌసా. కొత్తది బజారులో ఎక్కడైనా దొరుకుతుంది."

"లోపల మిషను మంచిది. సెవికాడ పెట్టి ఇనండి."

అర్జున్ వినలేదు. "మిషను స్పేరుకి పనికొస్తుంది. ఏదో ఇస్తాను. మీరు ఫోనులో చెప్పారే, ఆసుపత్రి, దానికి మాత్రం చాలదు."

"అది నాది కాదు. అడిగి సెప్తాను."

అతను వెళ్లాక చిట్టమ్మ మెడ చాపింది. "తక్కువకడిగాడా?"

"ఎక్కువ తోమీసేనట."

చిట్టమ్మకి అర్థం కాలేదు. నిమ్మకాయల మీద నీళ్లు చల్లుకుంది. పైడన్న పెట్టెకి తాళం వేసి గోపాలపూర్ బస్సెక్కాడు. కిటికీ పక్కన చోటున్నా నిలబడే వెళ్లాడు.

కాసమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా ఉన్నాయి. పక్కన జిప్పు తెరిచిన సంచీ, అందులో రెండు చీరలు, దువ్వెన, మాత్రల పొట్లం. ఒడిలో అతని తెల్లచొక్కా. గుండీ కుడుతోంది.

"బండెన్నింటికి మావా?"

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఎల్లడం నేదు."

సూది ఆగింది.

"ఏటన్నాడు?"

"తోమి తోమి పాడుసేసినానన్నాడు. మురికిగా ఉంటే కొందునన్నాడు."

"మురికిగానా?"

"ఊఁ."

కాసమ్మ ఊపిరి కూడదీసుకుంది. "నానూ దగ్గరుండి సూసినాను గదా. మెరుత్తుంటే బాగుండీది. నా పుట్టింటి వస్తువుకే ఇంత సేత్తన్నాడు, రేపు నాకూ సేత్తాడనుకునీదాన్ని."

అతను జేబులోంచి వాచీ తీశాడు. ఆమెకి చేసింది ఏమీ లేదు.

"మిషను తీసుకుని ఏదో ఇత్తానన్నాడు. ఇచ్చీమంటావా?"

"నీ ఇష్టం," అంది. చొక్కాని సంచీ మీద పెట్టేసింది. "కాసిని ఏణ్ణీళ్లియ్యి. గొంతు పట్టీసింది."

అతను పెరట్లోకి వెళ్లాడు. పుల్లలు తడిగా ఉండి పొయ్యి ఓ పట్టాన అంటుకోలేదు. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆమె తల భుజం మీదకి వాలి ఉంది. పేరు పెట్టి పిలిచాడు. గ్లాసు కింద పెట్టి దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని, వదిలేశాడు. ఆ తర్వాత పక్కింటి తలుపు తట్టాడు.

వీధివాళ్లు వచ్చారు. ఆడవాళ్లు కాసేపు ఏడ్చారు. పొద్దుగూకకముందే కాటికి తీసుకెళ్లిపోయారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడి, వీళ్లు దాటిపోయాక మళ్లీ కూర్చున్నారు.

పైడన్న స్నానం చేసి తడిబట్టలతో ఇంటికి వచ్చి, కట్టుకోవడానికి పొడిగుడ్డ కోసం వెతికాడు. సంచీ మీద తెల్లచొక్కా ఉంది. తీసి దులిపాడు. గుండీ సగమే కుట్టి ఉంది. తెంపని దారం కొసన సూది అటూ ఇటూ ఊగుతోంది.