గిర్ని మోటారు

త్రిపురసుందరి అనుమానం సంగతి నాచారంలోని ఆ వీధి వీధంతటికీ తెలుసు. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసే రకం ఆవిడ. పక్కింటి కృష్ణమ్మ నడిపే పిండి గిర్నికి కారం పట్టించుకోవడానికి వెళ్లిందంటే, తనకు ముందు ఎవరి మిరపకాయలు పట్టారో, అవి ఏ రకమో ఆరా తీస్తుంది. తన సంచీ నిండేదాకా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ అక్కడే నిలబడుతుంది. ఇంటికొచ్చాక మళ్లీ తూకం వేసుకుంటుంది. కృష్ణమ్మ దానికి ఏనాడూ నొచ్చుకోలేదు. సుందరక్క దగ్గర పాసైన కారం ఎక్కడైనా పాసవుతుందని గిర్నికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

కృష్ణమ్మ వాళ్లది ఆ ఊరే. ఇప్పుడు కాలనీ లేచిన చోట ఒకప్పుడు వాళ్ల వరి మళ్లుండేవి. అవి పోయాక మిగిలినవి ఆ ఇల్లు, ముందు గదిలో గిర్ని. మొగుడు ఆగయ్య మోకాళ్లు పట్టేసి మంచానికి అతుక్కుపోయాక, ఆ గిర్ని మోటారు తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

త్రిపురసుందరిది బందరు వైపు. తుఫాన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అందుకే, భారీ వర్షం రాబోతోందని నగరంలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగిన రోజున వీధిలో పెత్తనమంతా ఆవిడదే అయింది. డ్రమ్ముల్లో మంచినీళ్లు పట్టించింది. ఇంటి కాగితాలను ప్లాస్టిక్ కవర్లలో చుట్టించింది. నీళ్లు గడప తాకేలోపే కరెంటు మెయిన్ ఆపేయమని గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పింది. ఆవిడ బట్టలు కుట్టే మిషన్లను మేడ మీదికి చేర్చింది మాత్రం కృష్ణమ్మే. ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస త్రిపురసుందరి భర్త నరసింహమూర్తి చేత పట్టించి, పాపం ఆయన ఆయాసపడుతుంటే నవ్విస్తూ ఎక్కించింది.

గిర్నిని మాత్రం కదిలించడం ఎవరి తరం కాలేదు. అది సిమెంటు దిమ్మకు బిగించి ఉంది. మోటారైనా విప్పుదామంటే బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. చేసేది లేక చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పారు.

ఇంత సాయం పొందిన త్రిపురసుందరి ఏం చేసిందంటారా? మేడెక్కి మిషన్ల సొరుగులు తెరిచి, దారపు ఉండలూ కత్తెరలూ అన్నీ ఉన్నాయా లేదా అని చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అయినా ఊరికే ఇంత పని ఎవరు చేస్తారని లోపల ఏదో పురుగు తొలుస్తూనే ఉంది. ఏం మనిషండీ బాబూ!

వాన దంచింది. నాలా పొంగి వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అవి తగ్గేసరికి ఇసుక బస్తాలు ఓడిపోయాయని తేలింది. గిర్ని మోటారులోకి నీళ్లు పోయాయి. త్రిపురసుందరి ఇంట్లో సంపు మోటారు కూడా మునిగింది. ఉప్పల్లో మోటార్లు బాగుచేసే షాపుల ముందు జనం బారులు తీరి ఉన్నారనీ, ఇప్పట్లో కుదరదని చెప్పి పంపేశారనీ నరసింహమూర్తి పని కాకుండానే తిరిగొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఇద్దరు కుర్రాళ్లను వెంటేసుకుని ట్రాలీ ఆటోలో దిగాడు ఒకడు. మెడలో ట్యాగు, చేతిలో కార్డులు. వరద సాయం కింద తడిసిన మోటార్లను ఉచితంగా బాగుచేసి, మళ్లీ ఇంటికే తెచ్చి బిగిస్తామన్నాడు. ఉచితం అన్న మాటకే త్రిపురసుందరి కనుబొమలు లేచాయి. ఎవరు పంపారని నిలదీసింది.

"పక్కింటి కృష్ణమ్మక్కనే పంపిందమ్మా. మీ మోటారు గూడ మునిగిందని ఆమెనే చెప్పింది."

ఆవిడ చెయ్యి చాచి కార్డు అందుకుంది. కార్డు మీదున్న షాపు నంబరుకు వాడి ఎదుటే ఫోన్ కొట్టింది. అది వాడి ప్యాంటు జేబులో మోగింది. వాడు నీళ్లు నమిలి ఏదో చెప్పబోయేలోపే ముఖం మీద తలుపేసి గడియ పెట్టింది.

దొంగను పట్టేసిన సంతోషం కాసేపైనా నిలవలేదు. కృష్ణమ్మ పంపిందట! లేకపోతే తన మోటారు మునిగిన సంగతి వాడికెలా తెలుస్తుంది? ఆ మోటారును పొద్దున గేటు పక్కన ఎండలో పెట్టి, తర్వాత లోపలికి తెచ్చుకుంది తానేనని ఆవిడకు గుర్తు రాలేదు. గిర్ని బోర్డు మీద కృష్ణమ్మ పేరు ఇంతింత అక్షరాలతో ఉంటుందనీ గుర్తు రాలేదు. సొరుగులు వెతికినప్పుడు దొరకని కారణం ఇప్పుడు దొరికినట్టనిపించింది. కమీషను. అదీ సంగతి.

కిటికీ పరదా పక్కకు జరిపి చూసింది. ట్రాలీ గిర్ని ముందు ఆగి ఉంది. వాళ్లు పెద్ద పానాలతో బోల్టులు విప్పుతున్నారు. చూశారా, ముందు కృష్ణమ్మ తన మోటారు ఎక్కించినట్టు నాటకమాడి వీధిలో అందరివీ ఎక్కిస్తుంది కాబోలు అనుకుంది. అంతలో కృష్ణమ్మ మోటారు మీద చెయ్యి వేసి వాళ్లను ఆపి, ఇటు తిరిగి చూసింది. చెయ్యెత్తి ఏదో అడిగినట్టు ఊపింది. తొంగిచూస్తూ దొరికిపోయానని త్రిపురసుందరికి సిగ్గేసింది. గబగబా తలూపి పరదా వదిలేసింది.

ఒక్క కేక వేస్తే ట్రాలీ ఆగేది. వేయలేదు. కాలనీ గ్రూపులోనైనా పెట్టమని భర్త అంటే, వాళ్లూ వాళ్లూ ఒకటే, మనకెందుకని నోరు మూయించింది.

రోజులు గడిచాయి. గిర్ని షట్టరు సగం దించే ఉంటోంది. ఒక సాయంత్రం కృష్ణమ్మ వచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"సుందరక్కా, నీ మోటారొచ్చిందా? నాదింకా రాలే. ఫోన్ జేస్తే బందొస్తుంది."

"నేనివ్వలేదు," అంది త్రిపురసుందరి.

కృష్ణమ్మ తలెత్తి చూసింది. "గదేంది? ముందుగాల నీదే తీస్కపోయినమని ట్రాలీవాడన్నడు. సుందరక్క ఇచ్చిందంటే ఇగ ఫికరేందనుకున్న. కారం తూకమేస్కునే మనిషివి, ఉత్తగ ఇస్తవా? అయినా అడుగుదామని చెయ్యెత్తిన. తలూపినవు గదా."

త్రిపురసుందరి తడబడుతూ, వాడి జేబులో ఫోన్ మోగిన సంగతి చెప్పింది.

"అంటే, గాడు దొంగని నీకప్పుడే ఎర్కనా? మరి నాకెందుకు చెప్పలే?"

ఎవరికైనా ఠక్కున జవాబు చెప్పే మనిషి చీర అంచు మెలిపెడుతూ నిలబడిపోయింది. కృష్ణమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. చూసి చూసి, మెల్లగా అడిగింది.

"నేను గూడ గాళ్లతోని కలిసిననుకున్నవా?"

లేదనాలనుకుంది త్రిపురసుందరి. తల మాత్రం ఊగింది, ఆ రోజు కిటికీలో ఊగినట్టే.

కృష్ణమ్మ మెట్టు మీద చెయ్యి ఆన్చి లేచింది. సగం దించిన షట్టరు కిందుగా వంగి, ఖాళీ దిమ్మ ఉన్న గదిలోకి వెళ్లిపోయింది.