మోకాలి నొప్పి తగ్గాక

"సునందా, కండెలు అయిపోయినాయి" అని మగ్గం గుంటలోంచి మహానంది పిలిచేసరికి నేను పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతున్నాను. మా ఆయన పిలుపులో కోపముండదు. ఆకలైన పిల్లవాడు అమ్మను పిలిచినట్టే ఉంటుంది. అదే నా చిక్కు. కోప్పడే మనిషైతే ఎప్పుడో ఎదురు చెప్పేదాన్నేమో. రొట్టె దించి, కండెలకు నూలు చుట్టే రాట్నం ముందు కూర్చోబోతుంటే కుడి మోకాల్లో మేకు దిగినట్టయింది. కూలబడిపోయాను.

మహానంది గుంటలోంచి ఎగిరి వచ్చాడు. ఆముదం వెచ్చచేసి తనే రాశాడు. "ఇంత నొస్తాందని ఎప్పుడూ సెప్పలేదేమే" అన్నాడు. చెప్పాను. అన్నం వడ్డిస్తూ చెప్పాను, మంచం మీద పక్కకు తిరగలేక చెప్పాను. మగ్గం చప్పుడులో వినపడలేదేమోలే అని నేనే సర్దుకున్నాను. మా అత్త శ్రీశైలమ్మ "మోకాళ్ళు నొయ్యని ఆడది యాడుందప్పా" అంటూనే నా కాలి కింద దిండు పెట్టింది.

మర్నాడు ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కాం. ఎక్స్‌రే చూసి డాక్టర్ భవ్యశ్రీ, "ఏం పని చేస్తారమ్మా?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన "ఏం లేదు మేడం, ఇంట్లోనే ఉంటాది. నేసేది నేను" అన్నాడు. అబద్ధమాడుతున్నానన్న ఊహే లేదు ఆ ముఖంలో. పెళ్ళాన్ని కష్టపెట్టకుండా చూసుకుంటున్నానన్న తృప్తి ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"పొద్దున్నుంచి నేల మీద కూచోని కండెలు చుడతా మేడం. లేస్తా, నీళ్ళు పడతా, వండతా, మళ్ళా కూచుంటా. ఈయప్ప నేసేది నేను చుట్టిన నూలే" అన్నాను. మహానంది నా వైపు ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

మోకాలు మార్చేంతగా అరగలేదని చెప్పింది డాక్టరమ్మ. నొప్పిని మోసుకుపోయే నరాలను స్కానింగులో చూసుకుంటూ సన్నటి సూదితో వేడి చేసి మొద్దుబారుస్తారట. కోత ఉండదు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. "అరిగిపోయింది తిరిగి రాదమ్మా. కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది. ఆలోగా వ్యాయామం చేసి తొడల్లో బలం తెచ్చుకోవాలి. నేల మీద కూర్చోవడం మానుకోవాలి" అంది. నాకు పనిచేస్తుందో లేదోనని ముందు ఆ నరాల దగ్గర మత్తుసూది వేసి చూసింది. ఆ పూట ఆసుపత్రి మెట్లు గోడ పట్టుకోకుండా దిగాను. అందుకే అసలు వైద్యానికి ఒప్పుకున్నాను. వైద్యం చేసే రోజు నన్ను లోపలికి తీసుకెళ్తుంటే మా ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు సలుపు ఉండి, మెల్లగా తగ్గింది. కండెలు ఆయనే వచ్చీరానట్టు చుట్టుకున్నాడు. ఒక సాయంత్రం చేతిలో సంచి లేకుండా బజారు చివరిదాకా నడిచాను. ఏమీ కొనలేదు, ఎవరింటికీ పోలేదు. పని లేకుండా నడిస్తే ఊరు ఇంత వెడల్పుగా కనిపిస్తుందని నాకు తెలియదు. అడుగు వేస్తుంటే నొప్పి ఉండిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలో నేనే చూసుకోవాలనిపించింది.

తిరిగొచ్చేసరికి మహానంది వసారాలో నవ్వుతూ నిలబడ్డాడు. రాట్నం తుడిచి, ఇరుసుకు నూనె పెట్టి, దాని ముందు కొత్త చాప పరిచాడు.

"సూడు, ఎంత తేలిగ్గా తిరుగుతాందో. ఇంగ నీకు కష్టముండదు."

ప్రేమగానే చేశాడు. అందుకే నేనూ ప్రేమగానే అన్నాను. "నేను ఆడ కూచోను."

"నొప్పి పోయింది గదా?"

"పోయింది."

"డాక్టరమ్మ వద్దనిందనా?"

"ఆమె కూడా వద్దనింది. ఇది నా మాట."

బియ్యం చెరుగుతున్న అత్త చేట ఆపింది. నా వైపు కాదు, కొడుకు వైపు చూసింది. "ఇన్నాళ్ళూ నువ్వే చుట్టుకుంటివి గదరా. అలవాటు తప్పనీయొద్దు" అంది.

ఆయన చాప మీద కూర్చుని రాట్నం తిప్పాడు. దారం తెగింది. ముడి వేసుకుని మళ్ళీ తిప్పాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, వేలు ఎక్కడ పెట్టాలో చెప్పాను. నొప్పి ఉన్నన్నాళ్ళూ కూర్చోలేను అంటూ వచ్చాను. కూర్చోను అనడానికి నొప్పి అక్కర్లేదు.